బేచిరాగు కాని ఊరు: కాన్సాస్ మైదానంలోని నికోడెమస్

మన రెవెన్యూ దస్త్రాల్లో ‘బేచిరాగు గ్రామం’ అనే మాట కనిపిస్తుంది. చిరాగు అంటే దీపం. అటువంటి గ్రామానికి పేరు ఉంటుంది, పొలిమేర ఉంటుంది, సర్వే నంబర్లుంటాయి, పట్టాదారుల పేర్లుంటాయి. సాయంత్రం దీపం పెట్టే ఇల్లు మాత్రం ఒక్కటీ ఉండదు. దీనికి సరిగ్గా తలకిందులైన స్థితి అమెరికా పల్లెసీమల్లో వేల చోట్ల ఉంది. అక్కడ ఇళ్ళుంటాయి, చర్చి ఉంటుంది, శ్మశానం ఉంటుంది, దారి పక్కన ఊరి పేరు రాసిన పలక కూడా ఉంటుంది. లేనిదల్లా ఆ ఊరనే చట్టబద్ధమైన సంస్థ. మేయరు ఉండడు, పాలకమండలి ఉండదు, ఊరి పేరున పన్ను వేసే అధికారం ఎవరికీ ఉండదు. ఇలాంటి ఊళ్ళను అక్కడివారు అన్‌ఇన్‌కార్పొరేటెడ్ కమ్యూనిటీలు అంటారు.

ఈ మాటను మన ‘శివారు గ్రామం’తో పోల్చి సరిపెట్టుకోవాలనిపిస్తుంది కాని, ఆ పోలిక కొంతదూరమే నడుస్తుంది. మన శివారు పల్లెకు సొంత పంచాయతీ లేకపోయినా, అది మరో పెద్ద గ్రామ పంచాయతీలో భాగంగా ఉంటుంది, ఆ పంచాయతీ వార్డుల్లో ఓటు వేస్తుంది. ‘మా తండాలో మా రాజ్యం’ అని లంబాడాలు దశాబ్దాల పాటు అడిగింది ఆ పెద్ద పంచాయతీ నీడ నుంచి బయటపడటానికే. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాతనే ఆ కోరిక పెద్ద ఎత్తున తీరింది. అమెరికాలో మాత్రం పట్టణ హోదా లేని ఊరికి పైన ఏ పెద్ద ఊరూ ఉండదు. సాధారణంగా నేరుగా కౌంటీ ఉంటుంది, కొన్నిచోట్ల మధ్యలో మరో చిన్న గ్రామీణ పాలనా సంస్థ ఉన్నా. కౌంటీ అంటే విస్తీర్ణంలో మన రెండు మూడు మండలాల నుంచి ఒక జిల్లా దాకా ఉండగల పాలనా భాగం. చాలాచోట్ల రోడ్డు బాగు చేసేది, పోలీసును పంపేది, భూమి పన్ను వసూలు చేసేది అదే. అట్లాంటాకు ఉత్తరాన ఫోర్‌సైత్ కౌంటీలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది చిరునామాలో కమ్మింగ్ అని రాస్తారు గాని, 2020 జనగణన ప్రకారం కమ్మింగ్ నగర పరిధిలో ఉన్నది సుమారు 7,000 మంది. కౌంటీలో ఉన్నది 2.5 లక్షల పైచిలుకు. మిగిలినవారిలో అత్యధికులు చట్టం దృష్టిలో ఏ ఊరికీ చెందరు. వారికి తపాలా శాఖ ఇచ్చిన ఊరి పేరు ఉంది, ఊరి పాలకవర్గం లేదు.

అంటే ఇటువంటి చోట ‘ఊరు’ అనేది ఒక్క పుస్తకంలో రాసి ఉండదు. భూమి కొలత ఒక దస్త్రం, తపాలా మరొకటి, బడి ఇంకొకటి, జనగణన వేరొకటి. ఒక్కో దస్త్రంలో ఆ ఊరు ఒక్కో సంవత్సరం పుడుతుంది, ఒక్కో సంవత్సరం ముగుస్తుంది. ఈ చిక్కును విప్పడానికి కాన్సాస్ రాష్ట్రపు వాయవ్య మూలన ఉన్న నికోడెమస్‌ను మించిన ఊరు నాకు తెలియదు. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి ప్రజలు 1877లో ఆ ఊరిని నిలబెట్టారు. 2020 జనగణనలో అక్కడ లెక్కకు వచ్చినవారు 14 మంది.

ఊరి మొదటి చిరునామా ఒక కరపత్రంలో ఉంది. 1877 జులై 2 తేదీతో నికోడెమస్ టౌన్ కంపెనీ అచ్చువేసిన ఆ కాగితం, తమ ఊరు గ్రాహం కౌంటీలో ‘టౌన్ 8, రేంజ్ 21, సెక్షన్ 1, వాయవ్య పాతిక’లో ఉందని చెప్పింది. ఈ అంకెలు అర్థమైతే అక్కడి భూగోళం సగం అర్థమైనట్టే. అమెరికా ప్రభుత్వం పశ్చిమ భూములను మనుషులు స్థిరపడకముందే గళ్ళ కాగితంలా కొలిచి ఉంచింది. 6 మైళ్ళ పొడవు, 6 మైళ్ళ వెడల్పు ఉన్న గడి ఒక టౌన్‌షిప్. అందులో చదరపు మైలు చొప్పున 36 సెక్షన్లు. ఒక సెక్షన్ 640 ఎకరాలు, దానిలో పాతిక 160 ఎకరాలు. గ్రాహం కౌంటీ అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు టౌన్‌షిప్‌లతో, దాదాపు 30 మైళ్ళ చదరంగా గీసిన కౌంటీ. రేంజ్ అంటే టౌన్‌షిప్‌ల నిలువు వరుస; ఆ చదరంలో 21వ రేంజ్ తూర్పు చివరిది. సెక్షన్ల లెక్క ఈశాన్య మూల నుంచి మొదలవుతుంది కనుక ‘సెక్షన్ 1’ అంటే కౌంటీ తూర్పు సరిహద్దును ఆనుకున్న గడి. నది వంపునో, చెరువు గట్టునో, గుడినో పట్టుకుని పెరిగే మన ఊళ్ళ వంటిది కాదు ఇది. ముందు గడి, తర్వాత ఊరు.

160 ఎకరాలన్న అంకెకు మరో అర్థం కూడా ఉంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ప్రభుత్వ భూమిలో కుటుంబ పెద్దకు దక్కే గరిష్ఠ వాటా అదే. అయిదేళ్ళు అక్కడే నివసించి, సాగు చేసి చూపిస్తే, కొద్దిపాటి దాఖలు రుసుముతో భూమి సొంతమవుతుంది. అమెరికా పౌరులై గాని, పౌరులు కాదలచినట్టు దాఖలు చేసినవారై గాని ఉండాలన్నది షరతు. అంతర్యుద్ధం తర్వాత 1866 పౌరహక్కుల చట్టం, 1868లో 14వ రాజ్యాంగ సవరణ వచ్చాకే నల్లజాతివారి పౌరసత్వం సందేహాలకు అతీతమైంది. నికోడెమస్‌కు వచ్చినవారిలో ఎక్కువమంది కెంటకీ రాష్ట్రంలోని జార్జ్‌టౌన్, లెక్సింగ్టన్ ప్రాంతాలవారు. కెంటకీ అంతర్యుద్ధంలో యూనియన్‌లోనే, అంటే కేంద్ర ప్రభుత్వ పక్షానే, ఉండిపోయిన బానిస రాష్ట్రం కావడంతో, తిరుగుబాటు ప్రాంతాలకే ఉద్దేశించిన లింకన్ విమోచన ప్రకటన అక్కడ వర్తించలేదు. 1865 డిసెంబరులో 13వ సవరణ అమల్లోకి వచ్చిన తర్వాతే అక్కడ బానిసత్వం పూర్తిగా అంతమైంది. అంటే ఈ ప్రయాణం కట్టిన పెద్దలందరూ పన్నెండేళ్ళ కిందటి వరకు మరొకరి ఆస్తిగా లెక్కకు వచ్చినవారే కావచ్చు. సొంత పేరున 160 ఎకరాలు అన్న మాట వారికి ఎలా వినిపించి ఉంటుందో ఈ నేపథ్యంలోంచే చూడాలి.

టౌన్ కంపెనీని నడిపినవారిలో డబ్ల్యూ. ఆర్. హిల్ అనే శ్వేతజాతి భూవ్యాపారి, డబ్ల్యూ. హెచ్. స్మిత్, సైమన్ రౌండ్‌ట్రీ, జకరీ ఫ్లెచర్ వంటి నల్లజాతి నాయకులు ఉన్నారు. పన్నెండు మంది సభ్యులతో, ఖజానాలో మూడు డాలర్లతో మొదలైన తమ సంస్థ తొంభై రోజులైనా గడవకముందే మూడు వందల సభ్యుల దాకా పెరిగిందని కరపత్రం గర్వంగా చెప్పుకుంది. ఇక్కడ ఒక చట్టపరమైన విశేషాన్ని గమనించాలి. టౌన్ కంపెనీకి ప్రభుత్వం ఇచ్చిన చార్టర్ ఉంది, అంటే అది చట్టం గుర్తించిన సంస్థ. కాని అది స్థలాలు అమ్మే, మనుషులను రప్పించే సంస్థ మాత్రమే. ఊరిని పాలించే సంస్థ కాదు. ఇవాళ మన నగరాల శివార్లలో లేఅవుట్ వేసిన కంపెనీకి, అక్కడ తర్వాత ఏర్పడే పురపాలక సంఘానికి ఉన్నంత దూరం ఆ రెండింటికీ ఉంది. ఊరి పేరు ఎక్కడిదన్న విషయంలో కూడా రెండు మాటలున్నాయి. బైబిల్లోని నికోడెమస్ అని కొందరు, ఆ కాలంలో ప్రచారంలో ఉన్న ఒక పాటలోని బానిస నికోడెమస్ అని మరికొందరు. నాకు రెండవదే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది; విమోచన ఉదయాన తనను నిద్రలేపమని కోరి కన్నుమూసిన బానిస కథ అది.

కరపత్రం నల్లని ఇసుక గరప నేల గురించి, సాలమన్ నది దక్షిణ పాయలోని మంచి నీటి గురించి, ఇళ్ళు కట్టడానికి పనికొచ్చే మెత్తని సున్నపురాయి గురించి చెప్పింది. రాయి మాట నిజం. పొయ్యికి చాలినంత కలప ఉందని, బొగ్గు కూడా తప్పక దొరుకుతుందని చెప్పిన మాట మాత్రం ఆశతో కూడినది. ఆ మైదానం సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంటుంది. వాన ఏడాదికి 500 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే, అంటే దాదాపు మన అనంతపురం వాన. అనంతపురం రైతుకు లేని గడ్డకట్టే చలి, మంచు తుఫాను అక్కడ అదనం. 100వ రేఖాంశం ఆ ఊరికి దాదాపు 20 మైళ్ళ పడమటనే ఉంది. ఆ గీత దాటితే వాన మీద మాత్రమే ఆధారపడి సేద్యం చేయడం ప్రమాదమని భూగర్భ శాస్త్రవేత్త జాన్ వెస్లీ పావెల్ 1878లోనే ప్రభుత్వానికి నివేదించాడు. నికోడెమస్ ప్రజలు ఆ గీత అంచున, కెంటకీలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు మించి కురిసే వానకు అలవాటుపడిన అనుభవంతో, చాలామంది గుర్రమైనా నాగలైనా లేకుండా దిగారు.

1877 సెప్టెంబరులో 300 మందికి పైగా వచ్చారు. దగ్గరి రైలు స్టేషను ఎల్లిస్, అక్కడి నుంచి ఊరికి దాదాపు 35 మైళ్ళ నడక. ఆ తర్వాతి వసంతంలో భర్త డేనియల్‌తో కలిసి వచ్చిన విలియానా హిక్‌మన్ చాలా ఏళ్ళ తర్వాత చెప్పిన జ్ఞాపకం, ఆ ఊరి చరిత్ర రాసిన ప్రతివారూ తలచుకునేది. ‘అదిగో నికోడెమస్’ అని మగవాళ్ళు కేకలు పెట్టారట. ఆమె ఆత్రంగా చూసింది, ఏమీ కనిపించలేదు. ఎక్కడ అని అడిగితే భర్త నేలలోంచి అక్కడక్కడా లేస్తున్న పొగలను చూపించాడు. మనుషులు నేలను తొలుచుకుని గుంతల్లో కాపురం ఉంటున్నారు. ఆమెకు ఏడుపు వచ్చింది. కలప లేని దేశంలో, గడ్డి వేళ్ళు అల్లుకున్న మట్టి పెళ్ళలు గోడలుగా, పొద్దుతిరుగుడు కాడలు, ఎండిన అడవిదున్నల పేడ వంటచెరకుగా బతికిన చలికాలం అది. కొన్ని కుటుంబాలు వెంటనే వెనుదిరిగాయి. మిగిలినవారి తొలి చలికాలం గడవడానికి వేట నుంచి తిరిగివస్తున్న ఓసేజ్ తెగవారు ఆహారం పంచి ఇచ్చారని ఊరి మౌఖిక కథనం. భూమి పోగొట్టుకుంటున్నవారు, భూమి వెతుక్కుంటూ వచ్చినవారికి పెట్టిన అన్నం అది; ఈ కథలో నన్ను ఎక్కువగా కదిలించే ఘట్టం కూడా ఇదే.

వచ్చినవారు నిలదొక్కుకున్నారు. సొంత పాలకవర్గం లేని ఊరు తన పనులు ఎలా చేసుకుంది అన్నది ఇక్కడ చూడవలసిన విషయం. 1877లోనే తపాలా కార్యాలయం వచ్చింది, జకరీ ఫ్లెచర్ తొలి పోస్టుమాస్టరు. ఆయన భార్య జెన్నీ తొలి ఉపాధ్యాయిని. వారి ఇల్లే సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్ కూడా. బడి కోసం ప్రత్యేకంగా ‘స్కూల్ డిస్ట్రిక్ట్ నంబర్ 1’ ఏర్పడింది. అమెరికాలో బడి జిల్లా అంటే సొంతంగా పన్ను వేసుకోగల విడి స్థానిక సంస్థ. ఊరికి లేని అధికారం ఊరి బడికి ఉండవచ్చు. రోడ్లు, వాగుల మీద వంతెనలు వంటివి నికోడెమస్ టౌన్‌షిప్ చూసుకునేది. టౌన్‌షిప్ అన్న మాటకు ఇక్కడ రెండో అర్థం వస్తుంది. మొదటిది సర్వేయరు గీసిన గడి. ఇది ఎన్నికైన వ్యక్తులు నడిపే గ్రామీణ పాలనా సంస్థ, ఊరినీ చుట్టుపక్కల పొలాలనూ కలుపుకున్నది. రెంటినీ కలగలిపి చదివితే నికోడెమస్ చరిత్ర అయోమయంగా తోస్తుంది. ఊరిలో 50 మంది, టౌన్‌షిప్‌లో అంతకు ఎన్నో రెట్ల మంది ఒకే సమయంలో ఉండగలరు. నికోడెమస్ జనాభా అని వేర్వేరు చోట్ల వేర్వేరు అంకెలు కనిపించడానికి కారణం చాలావరకు ఇదే.

అన్నింటికంటే పైన కౌంటీ. 1880లో గ్రాహం కౌంటీకి పాలనా వ్యవస్థ ఏర్పడినప్పుడు, నికోడెమస్‌లో స్థిరపడిన ఎడ్వర్డ్ మెక్‌కేబ్ అనే నల్లజాతి యువకుణ్ణి గవర్నరు తాత్కాలిక కౌంటీ క్లర్కుగా నియమించాడు. మరుసటి ఏడు అదే పదవికి ఆయన ఎన్నికయ్యాడు. 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటరుగా గెలిచాడు, 1884లో మళ్ళీ గెలిచాడు. బానిసత్వం పోయి ఇరవై ఏళ్ళైనా నిండకముందే, మేయరు పదవి కూడా లేని ఊరి నుంచి ఒక నల్లజాతి మనిషి రాష్ట్రస్థాయి పదవికి ఎదిగాడు. ఊరికి హోదా లేకపోవడం ఊరివారి ఓటుకు విలువ లేకపోవడం కాదని దీనివల్ల తెలుస్తుంది. కొత్త కౌంటీలో ఓటర్లు కొద్దిమందే అయినప్పుడు, ఒక్కచోట కలిసి ఉన్న కొన్ని వందల మంది ఓటు ఎవరూ పక్కన పెట్టగలిగినది కాదు.

1880ల నడిమికి ఊరికి దుకాణాలు, చర్చిలు, హోటళ్ళు, బ్యాంకు, బేస్‌బాల్ జట్టు ఏర్పడ్డాయి. 1886లో వెస్టర్న్ సైక్లోన్, 1887లో నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్ అనే పత్రికలు వెలువడ్డాయి. వ్యాపారుల్లో శ్వేతజాతివారూ కొందరు ఉన్నారు. ఇక లేనిది రైలు. ఆ మైదానంలో గోధుమ అమ్ముకోవాలంటే రైలు కావాలి, రైలు లేని ఊరికి ఎడ్లబండి తోలే ఖర్చే పంట విలువను మింగేస్తుంది. మిస్సోరి పసిఫిక్ కంపెనీని రప్పించడానికి 1887లో నికోడెమస్ ఓటర్లు 16,000 డాలర్ల బాండ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ అప్పు తీసుకోగల సంస్థ ఊరు కాదు, టౌన్‌షిప్. నేల గుంతల్లోంచి బయటికి వచ్చి పదేళ్ళు కాని మనుషులు తమ పొలాల మీద వేసుకోవడానికి సిద్ధపడ్డ భారం ఎంతటిదో ఊహించవచ్చు. ఆ బేరం కుదరలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ వారి దారి వచ్చింది, కాని సాలమన్ నదికి దక్షిణపు గట్టున, నికోడెమస్‌కు కొన్ని మైళ్ళ దూరంలో. అక్కడ రైలు పనివారి కోసం వెలసిన బస తర్వాత బోగ్ అనే ఊరైంది. నికోడెమస్ వ్యాపారులు ఒకరి తర్వాత ఒకరు నది దాటారు. పత్రికలు మూతపడ్డాయి.

ఇప్పటి పటం చూస్తే ఆ ఒక్క నిర్ణయం ఎంత లోతుగా దిగిందో తెలుస్తుంది. బోగ్ నేడు చట్టబద్ధమైన నగరం; జనాభా 150 దగ్గరే అయినా దానికి మేయరు ఉన్నాడు. నది అవతలి నికోడెమస్ అన్‌ఇన్‌కార్పొరేటెడ్. హిల్ తన పేరు పెట్టుకున్న హిల్ సిటీ కౌంటీ కేంద్రమైంది. ఊరు నగరంగా మారడానికి జనసంఖ్య కంటే, దుకాణాల పన్ను రాబడి కంటే ముందు కావలసింది, నాలుగు దారులు తన దగ్గర కలుస్తాయన్న నమ్మకం. దాన్ని రైలు కంపెనీ నదికి ఏ గట్టున పట్టాలు వేస్తుందన్నదే తేల్చింది. జాతి వివక్షే రైలును పక్కకు తిప్పిందని కొందరు, రైలు కంపెనీల మధ్య పోటీయే కారణమని కొందరు వాదిస్తారు. ఆనాడు రైలు తప్పిపోయి మాసిపోయిన శ్వేతజాతి ఊళ్ళు కూడా కాన్సాస్‌లో లెక్కలేనన్ని ఉన్నాయి కనుక, ఒక్క కారణానికే ముడిపెట్టడం తొందరపాటు అవుతుంది. అయితే దెబ్బ తట్టుకోవడానికి చేతిలో పెట్టుబడి, అప్పు ఇచ్చే పరిచయాలు నికోడెమస్‌వారికి తక్కువ. వాటి వెనుక ఉన్న చరిత్ర మాత్రం జాతి చరిత్రే.

ఊరి నడిబొడ్డు ఖాళీ అయినా పొలాలు ఖాళీ కాలేదు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో చుట్టుపక్కల నల్లజాతి రైతుల సంఖ్య గట్టిగానే ఉంది. 1907లో బాప్టిస్టు చర్చి, 1918లో కొత్త బడి భవనం కట్టుకోగలిగారు. తర్వాత 1930ల కరవు, ధూళి తుఫానులు, ఆర్థిక మాంద్యం కలిసి వచ్చాయి. యువత డెన్వర్, టొపీకా వంటి నగరాలకు వెళ్ళిపోయింది. ఆ కష్టకాలంలోనే, 1939లో, కేంద్ర ప్రభుత్వ ఉపాధి పథకం కింద స్థానిక సున్నపురాయితో టౌన్‌షిప్ హాలు కట్టారు. 1877 కరపత్రంలో పొగిడిన రాయి నిజంగానే అక్కరకు వచ్చింది. 1953లో తపాలా కార్యాలయం మూతపడింది. పట్టణ హోదా లేని ఊరికి తపాలా ముద్రే దాదాపు ఏకైక అధికారిక గుర్తింపు. అది పోతే ఉత్తరం మీద ఊరి పేరు రాయడానికి కూడా కారణం ఉండదు. ఇటువంటి ఊళ్ళు వేలసంఖ్యలో పటాల నుంచి చెరిగిపోయింది ఈ దశలోనే.

నికోడెమస్ చెరిగిపోలేదు. తపాలా దస్త్రంలో ముగిసిన ఊరు 1976లో మరో దస్త్రంలోకి, జాతీయ చారిత్రక చిహ్నాల జాబితాలోకి ఎక్కింది. 1996లో అమెరికా కాంగ్రెస్ చట్టం ద్వారా జాతీయ చారిత్రక స్థలమై, జాతీయ ఉద్యానవనాల శాఖ కిందికి వచ్చింది. టౌన్‌షిప్ హాలు, హోటలు, బడి, బాప్టిస్టు చర్చి, ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ చర్చి, ఈ అయిదు భవనాలను ఇప్పుడు కేంద్ర చట్టం కాపాడుతోంది. జనగణన శాఖ కూడా ఊరి చుట్టూ తన సౌకర్యం కోసం ఒక హద్దు గీసుకుని ‘జనగణన స్థలం’గా లెక్కిస్తోంది. ఆ హద్దు లెక్క కోసం మాత్రమే. దాని వల్ల ఊరికి పన్ను వేసే అధికారం గాని, తీర్మానం చేసే అధికారం గాని రాదు. సొంత పంచాయతీ ఎన్నడూ చేతికి రాని ఊరిని దేశ రాజధానిలో చేసిన చట్టం కాపాడటం వింతగా కనిపించవచ్చు. నిజానికి ఆ చట్టం వెనుక ఉన్నది, ఊరు వదిలి వెళ్ళిన కుటుంబాలవారు తాతల కాలపు కాగితాలు, ఫోటోలు, కథలు పోగుచేసి ఏళ్ళ తరబడి చేసిన ప్రయత్నం.

ఆ కుటుంబాలు ఇప్పటికీ ఏటా జులై చివరి వారాంతంలో ఊరికి వస్తాయి. ఆగస్టు 1న జరుపుకునే విమోచన దినమే ఆ పండుగకు మూలం. 1834లో అదే రోజున బ్రిటిషు వెస్టిండీస్‌లో బానిసత్వ రద్దు అమల్లోకి వచ్చింది. (ఆ రద్దు ప్రభావం మన తీరాన్నీ తాకింది, బానిసలు లేని చెరకు తోటల కోసం మారిషస్‌కు ఓడలెక్కించిన ఒప్పంద కూలీల్లో కోరంగి రేవు నుంచి వెళ్ళిన తెలుగువారు కూడా ఉన్నారు.) ఆ మూడు రోజులు టౌన్‌షిప్ హాలు ముందు ఊరేగింపు, వంటలు, చర్చిలో ఆరాధన, శ్మశానంలో పెద్దల సమాధుల దగ్గర పలకరింపు. వందల మంది చేరతారు, వారిలో తమ ఇంటి పేరును 1877 నాటి జాబితాతో కలిపి చెప్పగలిగినవారు ఎందరో. జనగణన శాఖ లెక్కకు తీసుకునే తేదీ మాత్రం ఏప్రిల్ 1.